గోడకు లోపలి వైపు

గోడల మీద బొమ్మలు వేస్తే నగరం అందంగా మారుతుందన్న మాట గత పదేళ్ళలో హైదరాబాద్‌కు బాగా అలవాటైపోయింది. ఫ్లైఓవర్ స్తంభాలకు పూలతీగలు, పార్కుల ప్రహరీలకు నెమళ్ళు, ప్రభుత్వ కార్యాలయాల గోడలకు బోనమెత్తిన స్త్రీలు, బతుకమ్మ ఆడుతున్న స్త్రీలు. చూడటానికి బాగానే ఉంటాయి. కళ గ్యాలరీ తలుపు దాటి వీధిలోకి రావటం మంచిదే కదా అని ఎవరైనా అంటే కాదనటం కష్టం. అయితే వీధి అందరికీ ఒకేలా తెరిచి ఉండదని స్త్రీవాదం మనకు ఎప్పుడో చెప్పింది. కళ వీధిలోకి వచ్చినప్పుడు అక్కడ అప్పటికే వేళ్ళూనుకుని ఉన్న అధికార సంబంధాలు ఏమవుతాయి? గోడ ఎవరిది, దాని మీద బొమ్మ ఎవరిది, ఆ బొమ్మ ముందు పది నిమిషాలు ఊరికే నిలబడే హక్కు ఎవరిది? పాతబస్తీలో ఒక మొహల్లాను తీసుకుని, అక్కడి వాళ్ళతో కలిసి వీధి చిత్రకళా ఉత్సవం జరపాలన్న ఆలోచన కొందరు యువ కళాకారుల్లో ఉంది. ఆ ఆలోచన మీద గౌరవంతోనే ఈ ప్రశ్నల్ని ముందుకు తెస్తున్నాను.

ఇలాంటి ఉత్సవానికి మన నగరంలో దగ్గరి ఉదాహరణ హుస్సేన్‌సాగర్ పక్కన ఉంది. రాజ్‌భవన్‌కు, నెక్లెస్ రోడ్డుకు దగ్గర్లో ఉన్న ఎం.ఎస్. మక్తా బస్తీలో 2016 నవంబరులో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్ళు ఇళ్ళ గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు. అప్పటినుంచి దాన్ని మక్తా ఆర్ట్ డిస్ట్రిక్ట్ అంటున్నారు. 2014లో మొదలైన ఈ సంస్థ అంతకుముందే ఢిల్లీ లోధీ కాలనీ గోడలను ఇలాగే చిత్రాలతో నింపింది. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన హనీఫ్ కురేషీ 2024 సెప్టెంబరులో చిన్న వయసులోనే చనిపోయారు. ఫ్లెక్సీలు వచ్చాక బతుకుదెరువు పోగొట్టుకున్న బోర్డు పెయింటర్ల అక్షరాలను సేకరించి భద్రపరచటానికి ఆయన చేసిన పని నాకు చాలా ఇష్టం. కాబట్టి ఈ సంస్థను రంగుల వ్యాపారం కింద కొట్టిపారేయటం నా ఉద్దేశం కాదు.

కానీ లోధీ కాలనీకీ మక్తాకీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. లోధీ కాలనీ బ్రిటిష్ వాళ్ళ కాలంలో కట్టిన ప్రభుత్వ క్వార్టర్ల సముదాయం. గోడ యజమాని ప్రభుత్వమే. మక్తాలో గోడ అంటే ఎవరో ఒకరి ఇల్లు. అక్కడ అనుమతి ఇవ్వాల్సింది ఆ ఇంటివాళ్ళు. మన సమాజంలో 'ఇంటివాళ్ళు' అన్న బహువచనం లోపల ఎవరి గొంతు వినబడుతుందో ఈ పత్రిక చదివేవాళ్ళకు వివరించక్కర్లేదు. యజమాని సరే అంటాడు. అద్దెకున్న కుటుంబాన్ని అడగరు. ఆ ఇంట్లో రోజంతా ఉండేది, ఆ గోడకు చీర ఆరేసుకునేది, దాని నీడలో బియ్యం ఏరుకునేది స్త్రీ అయినా, సంతకం ఆమెది కాదు. 'కమ్యూనిటీ ఒప్పుకుంది' అన్న వాక్యం ఏ ఉత్సవ నివేదికలోనైనా కనబడినప్పుడు మనం మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే: ఆ కమ్యూనిటీలో ఎవరు ఒప్పుకున్నారు?

మక్తా గోడల మీద స్త్రీలు లేరా అంటే, ఉన్నారు. స్వాతి, విజయ్ దంపతులు వేసే తెలంగాణ పల్లె స్త్రీలు నగరంలో చాలామందికి తెలుసు. పెద్ద బొట్టు, ముక్కుపుడక, కళ్ళలో నిబ్బరం. సినిమా పోస్టర్లలో తరాలుగా చూస్తూ వచ్చిన స్త్రీ శరీరానికి ఇవి గట్టి జవాబులా ఉంటాయి. శ్రమ చేసే నల్లటి స్త్రీ రెండంతస్తుల ఎత్తున కనబడటం చిన్న విషయం కాదు. అయితే ఆ ముఖం గోడ మీదికి వచ్చాక ఒక చిత్రమైన మార్పు జరుగుతుంది. ఆమె 'తెలంగాణ సంస్కృతి' అవుతుంది. 2014లో బతుకమ్మ, బోనాలు రాష్ట్ర పండుగలయ్యాక పల్లె స్త్రీ రూపం ప్రభుత్వ చిహ్నం స్థాయికి చేరింది. చిహ్నం అయిన స్త్రీకి నీళ్ళ బిల్లు ఉండదు, అద్దె ఉండదు, తాగొచ్చి కొట్టే మొగుడు ఉండడు. గోడ మీద రెండంతస్తుల స్త్రీకీ, ఆ గోడ కింద బిందె పెట్టుకుని నల్లా నీళ్ళ కోసం ఎదురుచూసే స్త్రీకీ మధ్య ఉన్న దూరాన్ని ఆ బొమ్మ తగ్గిస్తుందా, కప్పేస్తుందా అన్నది విమర్శకులుగా మనం తేల్చుకోవాల్సిన విషయం.

ప్రపంచంలో ఈ చర్చ కొత్తది కాదు. 2017 డిసెంబరులో ముంబై ఘాట్కోపర్‌లోని అసల్ఫా గుడిసెల గుట్టకు రంగులు వేసినప్పుడు, మెట్రో రైల్లోంచి చూసినవాళ్ళు ఇటలీలోని పొసిటానో పట్టణంలా ఉందని మురిసిపోయారు. దూరం నుంచి, రైల్లో కూర్చున్నవాళ్ళ కోసం అందం. బెర్లిన్‌లో బ్లూ అనే చిత్రకారుడి కథ దీనికి పూర్తిగా ఎదురు. క్రాయిజ్‌బెర్గ్ ప్రాంతంలో అతని కుడ్యచిత్రాలు ఎంత ప్రసిద్ధమయ్యాయంటే, వాటి పేరు చెప్పి చుట్టుపక్కల స్థలాలకు విలువ పెరిగింది. ఆ వ్యాపారంలో తన బొమ్మ భాగం కావటం ఇష్టంలేక 2014 డిసెంబరులో ఆయన ఒప్పుదలతోనే వాటిని నల్లరంగుతో చెరిపేశారు. రంగు వెనకాలే రియల్ ఎస్టేట్ నడిచొస్తుందన్న సంగతి ఆ నల్లగోడ చెప్పినంత స్పష్టంగా ఏ వ్యాసమూ చెప్పలేదు.

నల్లరంగు అనగానే మన నగరపు స్త్రీల చరిత్ర ఒకటి గుర్తుకు రావాలి. 1974లో హైదరాబాద్‌లో విద్యార్థినులు ప్రగతిశీల మహిళా సంఘాన్ని పెట్టుకున్నారు. అందరం పి.ఓ.డబ్ల్యు. అని పిలిచే ఆ సంఘం ఆడపిల్లల్ని వీధుల్లో వేధించటానికి వ్యతిరేకంగా, వరకట్నానికి వ్యతిరేకంగా, ధరల పెరుగుదలకు వ్యతిరేకంగా పనిచేసింది. అశ్లీల పోస్టర్లకు వ్యతిరేకంగా కూడా ఉద్యమం నడిపింది. 1975లో ఎమర్జెన్సీ వచ్చి ఆ గొంతు నొక్కేసింది. స్వతంత్ర భారతంలో ఈ నగరపు స్త్రీలు సంఘటితంగా గోడలతో పెట్టుకున్న తొలి పేచీల్లో అది ఒకటి. వీధి గోడ మీద స్త్రీ శరీరాన్ని ఎవరు, ఎలా చూపించవచ్చన్న ప్రశ్నను వాళ్ళు ఏభై ఏళ్ళ కిందటే వేశారు. తర్వాత 1997లో వచ్చిన చట్టం బహిరంగ స్థలాల వికృతీకరణనూ అశ్లీల పోస్టర్లనూ ఒకే తాటికి కట్టింది. స్త్రీల నిరసన నినాదమైనా, అశ్లీల పోస్టరైనా ఆ చట్టం కళ్ళకు గోడను పాడుచేసే మచ్చలే. గోడ శుభ్రంగా ఉండటం, స్త్రీ గౌరవంగా ఉండటం ఒకటే అన్నట్టు. ఈనాటి 'సుందరీకరణ' అనే మాటలో ఆ పాత ధోరణి ఇంకా కొంత మిగిలి ఉంది.

ఇక పాతబస్తీ. నయాపూల్ దాటి మదీనా మీదుగా చార్మినార్ వైపు నడిచేటప్పుడు గోడలకూ స్తంభాలకూ వేలాడే ముఖాల్ని లెక్కపెట్టండి. రంజాన్ శుభాకాంక్షల ఫ్లెక్సీ, బోనాల శుభాకాంక్షల ఫ్లెక్సీ, మిలాద్ ఫ్లెక్సీ, గణేశ్ ఫ్లెక్సీ. పార్టీలు వేరు, మతాలు వేరు, ముఖాలు మాత్రం దాదాపు అన్నీ మగవే. పండుగ వండిపెట్టేది ఆడవాళ్ళు, శుభాకాంక్షలు చెప్పేది మగవాళ్ళు. ఉత్సవ నిర్వాహకులు 'బోసిగోడ' అనుకునేది నిజానికి బోసిగా లేదు. మగవాళ్ళ రాజకీయం దాన్ని ఎప్పుడో ఆక్రమించింది. వీధి చిత్రకళ వచ్చి తీసుకోవాల్సిన చోటు అది. అంటే గొడవ కూడా అక్కడే.

పాతబస్తీకి వీధి కళను బయటినుంచి తీసుకురావాలనుకోవటం కూడా ఆలోచించాల్సిన విషయమే. 1591లో చార్మినార్ లేచిన నాటినుంచి ఆ ఊరు వీధిలోనే ఉత్సవం చేసుకుంటోంది. బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీద 1611 నాటి రంగుపెంకుల పనితనాన్ని చూసినవాళ్ళకు కుడ్యకళ గురించి కొత్తగా పాఠం చెప్పక్కర్లేదు. మొహర్రం పదోరోజున దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి చాదర్‌ఘాట్ దాకా ఏనుగు మీద సాగే బీబీ కా ఆలం ఊరేగింపు ఫాతిమా పేరున జరిగేది. దాన్ని మొదట గోల్కొండలో నెలకొల్పింది ముహమ్మద్ కుతుబ్ షా భార్య హయాత్ బక్షీ బేగం అని చెబుతారు. ఒక స్త్రీ నెలకొల్పిన, ఒక స్త్రీ పేరు మోసే ఊరేగింపు అది. కానీ వీధి మధ్యలో కనబడే దేహాలు మగవాళ్ళవి. స్త్రీల శోకానికి వేరే మజ్లిస్‌లు, మేడలు, వీధి అంచులు.

లాల్‌దర్వాజ బోనాలది కొంచెం భిన్నమైన కథ. 1908 మూసీ వరదల తర్వాత అక్కడ బోనాలు మొదలయ్యాయని చెప్పుకుంటారు. అక్కడ వీధి మధ్యలో నడిచేది స్త్రీలే. బోనం కుండకు సున్నం, పసుపు, కుంకుమ పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి తల మీద ఎత్తుకుంటే అది నడిచే చిత్రమే. ఏ క్యూరేటరూ దాన్ని ఎంపిక చేయలేదు. అయినా ఉత్సవ కమిటీ బోర్డు చూస్తే మళ్ళీ మగ పేర్ల వరస. ఇక ముగ్గు సంగతి చెప్పనే అక్కర్లేదు. తెల్లవారకముందే వీధిని ఊడ్చి, కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టే స్త్రీ రోజూ వీధి చిత్రం వేస్తోంది. సాయంత్రానికి చెరిగిపోతుంది గనక అది కళ కాదు, పని. ఆ పనికి సంక్రాంతి నాడు మాత్రం పోటీ పెట్టి ప్రెషర్ కుక్కర్ బహుమతిగా ఇస్తారు. స్పాన్సర్లు, జడ్జీలు, ఫొటోలు, బహుమతులు అన్న ఉత్సవ నమూనా మనకు కొత్తేమీ కాదు. ముగ్గుల పోటీ దాన్ని ఎప్పుడో నేర్పింది. కులం చొప్పున ఎవరి వాకిలి ముందు ఎవరు ఊడుస్తారు, ఎవరు ముగ్గు వేస్తారు అన్న ప్రశ్నను మాత్రం ఆ పోటీ ఎన్నడూ అడగలేదు.

అంటే మొహల్లాలో ఉత్సవం జరగటం సమస్య కాదు. స్త్రీల చేతులతో జరిగి, మగవాళ్ళ పేరున నిలబడటం సమస్య. కొత్తగా వచ్చే చిత్రకళా ఉత్సవం ఈ అమరికను కదిలించకపోతే, అది ఇంకొక ఫ్లెక్సీ మాత్రమే. కాకపోతే బొమ్మలు బాగుంటాయి.

ఈ ఆలోచనలో ఉన్న యువతులు కొందరు పాతబస్తీ ఇంట్లో పెట్టుకున్న ఒక సమావేశానికి నన్నూ పిలిచారు. పది పన్నెండు మంది ఆడవాళ్ళు వచ్చారు. కొందరు బురఖాలో, కొందరు చీరలో. కంప్యూటర్ తెర మీద వేరే నగరాల గోడల బొమ్మలు చూపించారు. అందరూ శ్రద్ధగా చూశారు. చివర్లో ఒక పెద్దావిడ, బయటి గోడకు వేస్తారు సరే, లోపలి గోడ ఉప్పు పట్టి రాలిపోతోంది, దానికేమైనా చేస్తారా అని అడిగింది. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆ ప్రశ్న కళకు సంబంధం లేని ప్రశ్నలా కనబడవచ్చు. నా దృష్టిలో ఆ సాయంత్రం జరిగిన అసలైన కళా విమర్శ అదే. బయటి గోడ వీధిది, చూపరులది, ఫొటోలది. లోపలి గోడ ఆమెది. ఆమె జీవితంలో ఎక్కువ గంటలు ఆ లోపలి గోడకు ఎదురుగానే గడుస్తాయి. వీధి చిత్రకళ అనే మాటే ఇంటికి ఒకే ముఖం ఉందని అనుకుంటుంది. ఆ రెండో ముఖం సంగతేమిటని ఆమె అడిగింది.

లోపలి గోడకు ఆనుకునే పాతబస్తీ స్త్రీల కళ కూడా ఉంది. లాడ్‌బజార్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బొగ్గుల సెగ దగ్గర లక్కను కరిగించి, సాగదీసి, గుండ్రంగా తిప్పి, వేడి చల్లారకముందే ఒక్కో రాయినీ అద్దాల తునకనూ చేత్తో అద్దాలి. ఆ అద్దే పనిలో చాలా భాగం ఇళ్ళలో ఆడవాళ్ళు, ఆడపిల్లలు చేసేదే. జర్దోజీ చట్రం ముందు కూర్చుని కళ్ళు పోగొట్టుకునేదీ ఇళ్ళలోనే. చేసిన ముక్కకు ఇంత అని కూలి. 'స్థానిక మహిళల్లో దాగి ఉన్న సృజనాత్మకతను వెలికితీయటం' అని ఉత్సవాల కరపత్రాలు రాస్తుంటాయి. దాగి ఉన్నది సృజనాత్మకత కాదు. అది బజారు నిండా వేలాడుతోంది. దాగి ఉన్నది కూలి. అలాంటప్పుడు ఉత్సవంలో రెండు రోజులు రంగులద్దటానికి వచ్చిన స్త్రీని 'వాలంటీర్' అనటం, బయటినుంచి వచ్చిన చిత్రకారుడిని 'ఆర్టిస్ట్' అని పారితోషికం ఇవ్వటం ఏ న్యాయం?

వీధిలో నిలబడటం సంగతికి వస్తే, శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే ముంబై మీద రాసిన 'వై లాయిటర్' 2011లో వచ్చింది. స్త్రీ బయట కనబడాలంటే ఒక పని, ఒక కారణం చూపించాల్సి రావటం గురించి వాళ్ళు మాట్లాడారు. పని లేకుండా తిరిగే హక్కే నిజమైన పౌరసత్వం అన్నారు. ఉత్సవం స్త్రీలకు బయటికి రావటానికి ఒక కారణం ఇస్తుంది. అది మంచిదే. కానీ ఉత్సవం ముగిసిన మర్నాడు ఆ అరుగు మీద ఆమె ఏ కారణమూ లేకుండా కూర్చోగలదా? పాతబస్తీలో అరుగు అంటే చబుత్రా. అది మగవాళ్ళ రాత్రి కబుర్ల చోటు. అక్కడ కూర్చునే ముస్లిం యువకులను 'ఆపరేషన్ చబుత్రా' పేరుతో పోలీసులు పట్టుకెళ్ళి కౌన్సెలింగ్ ఇచ్చిన సందర్భాలు గత దశాబ్దంలో ఎన్నో ఉన్నాయి. వీధి పాతబస్తీ మగవాళ్ళకు కూడా పూర్తిగా స్వేచ్ఛ ఉన్న చోటు కాదు. స్త్రీల హక్కు గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతిని దాటవేస్తే మన స్త్రీవాదం పోలీసు వ్యాను పక్కన నిలబడ్డట్టవుతుంది.

ఫొటో కూడా అంత అమాయకమైనది కాదు. 2021లో పాతబస్తీ వీధిలో పోలీసులు ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసిన ఒక సామాజిక కార్యకర్త, ముఖాలను గుర్తుపట్టే యంత్రాంగం మీద తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. ఇలాంటి చోట రంగులు వేస్తున్న ఆడపిల్లల ఫొటోలు తీసి ప్రపంచమంతా పంచటానికి వాళ్ళ నోటిమాట ఒప్పుదల చాలదు. ముఖం కనబడకూడదనుకునే స్త్రీని వెనకబడినదిగా చూసే అలవాటు మన కళా ప్రపంచానికి బాగా ఉంది. కనబడటం ఎంత హక్కో, ఎవరికి ఎంతవరకు కనబడాలో తాను నిర్ణయించుకోవటం కూడా అంతే హక్కు.

వీధి, అలంకారం, శిక్ష ఎలా ముడిపడి ఉంటాయో చెప్పే మరొక చట్టం ఈ నగరంలోనే ఉండేది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో చేసిన హిజ్రాల చట్టం, ఆడవాళ్ళ బట్టలో నగలో వేసుకుని వీధిలో కనబడిన, పాడిన, ఆడిన హిజ్రాలను వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చేది. వైజయంతి వసంత మొగిలి తదితరులు వేసిన వ్యాజ్యంలో తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అంటే మక్తా గోడల మీద బొమ్మలు వేస్తున్న రోజుల్లో కూడా, అలంకరించుకుని వీధిలోకి రావటమే కొందరికి నేరమని చెప్పే కాగితం ఈ నగరంలో బతికే ఉంది. బెంగళూరులో 2016లో మొదలైన అరవాణి ఆర్ట్ ప్రాజెక్ట్‌లో ట్రాన్స్ స్త్రీలే గోడల మీద రంగులు వేస్తారు. ఆ పనిని హైదరాబాద్ నుంచి చూసినప్పుడు బొమ్మ కన్నా నిచ్చెన మీద నిలబడ్డ మనిషి పెద్దగా కనబడుతుంది నాకు.

తెలుగులో రాసే మనకూ పాతబస్తీకీ ఉన్న దూరం గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు తెలుగు కవిత్వంలో స్త్రీ గొంతు స్థిరపడింది. ఆ గొంతులో తమ బతుకు లేదని దళిత స్త్రీలు, ముస్లిం స్త్రీలు అడిగారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు', 2005లో షాజహానా 'నఖాబ్' ఆ ప్రశ్నకు పుస్తక రూపాలు. ఇదే సమయంలో పాతబస్తీలోనే ఉర్దూ, దక్కనీల్లో రాస్తూ, 2002లో షాహీన్ సంస్థను స్థాపించి, గృహహింసలో, బాల్యవివాహాల్లో చిక్కుకున్న ఆడపిల్లలతో పనిచేస్తూ వచ్చిన కవయిత్రి జమీలా నిషాత్ ఉన్నారు. ఆమె లిపి మనలో ఎక్కువమందికి చదవటం రాదు. 2017లో ఉర్దూ రాష్ట్రమంతటా రెండో అధికార భాష అయింది. కానీ గోడ మీద ఉర్దూ వాక్యం కనబడితే దాన్ని మనం అక్షరంగా కాక అలంకారంగా చూస్తున్నాం. పాతబస్తీ ఉత్సవంలో ఏ భాషలో రాయాలన్నది డిజైన్ ప్రశ్న కాదు. ఆ గల్లీ ఆడపిల్ల చదవగలిగే లిపిలో, ఆమె రాసుకున్న వాక్యం ఉంటేనే అది ఆమె గోడ. మనకు అర్థం కాకపోతే మనం నేర్చుకోవాలి.

చివరికి గోడ నిలుస్తుందా అన్న ప్రశ్న ఉంది. చార్మినార్ దగ్గరి సర్దార్ మహల్‌ను ఆరో నిజాం 1900లో సర్దార్ బేగం కోసం కట్టించాడు. ఆమెకు నచ్చక అందులో ఉండలేదంటారు. పన్ను బకాయి కింద 1965లో అది మునిసిపాలిటీ చేతికొచ్చింది. 2022లో దాన్ని సాంస్కృతిక కేంద్రంగా మార్చటానికి శంకుస్థాపన జరిగింది. కట్టించిన మగవాడి ప్రేమ గురించి గైడ్లు చెబుతారు గాని, నాకు ఈ ఇల్లు వద్దు అన్న ఆమె మాటను ఎవరూ తీవ్రంగా తీసుకోలేదు. నాకైతే పాతబస్తీ గోడలు గుర్తుంచుకోవాల్సిన మాట అదేననిపిస్తుంది. 2024 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడే, ఫలక్‌నుమాలో పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. 2025 జనవరిలో ఆ దారి పొడవునా కట్టడాల కూల్చివేత మొదలైంది. చదరపు గజానికి 81,000 రూపాయలు నష్టపరిహారమన్నారు. పత్రం ఎవరి పేరున ఉంటే చెక్కు వారికి. సగం కూలిన ఇళ్ళలో లోపలి గోడలు వీధికి తెరుచుకున్నాయి. గూళ్ళు, మేకులు, పొగచూరిన వంటింటి మూల. పెద్దావిడ అడిగిన లోపలి గోడ అలా బయటపడటం ఆమె కోరుకున్నది కాదు. మెట్రో వద్దనటం లేదు నేను. ఏ గోడ ఉండాలో ఏది పోవాలో నిర్ణయించే చోట లేని స్త్రీలను, మిగిలిన గోడలకు రంగులు వేయటానికి మాత్రం పిలవటంలోని వెటకారాన్ని చెబుతున్నాను.

అందుకని ఉత్సవం మానెయ్యమంటానా? లేదు. ఎలా నడపాలన్నదే అసలు సారమంటాను. ఢిల్లీ 2012 ఘటన తర్వాత షిలో శివ్ సులేమాన్ మొదలుపెట్టిన ఫియర్‌లెస్ కలెక్టివ్ వాళ్ళు గోడ దగ్గరికి వెళ్ళేముందు అక్కడి స్త్రీలతో కూర్చుని మాట్లాడతారు. వాళ్ళ భయాలు, కోరికలు విన్న తర్వాతే బొమ్మ రూపం తీసుకుంటుంది. పాతబస్తీలో ఆ కూర్చోవటమే నెలల పని కావాలి. గోడకు అనుమతి అడిగేటప్పుడు ఇంటి ఆడవాళ్ళతో విడిగా మాట్లాడాలి, అద్దెకున్నవాళ్ళతో కూడా. వద్దన్న గోడను అలాగే వదిలెయ్యాలి. ఆ ఖాళీ కూడా ఉత్సవంలో భాగమే. పాత సున్నపు గోడల మీద ప్లాస్టిక్ రంగు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక పూత ఊడి వస్తుంది. ఆ నష్టం భరించేది ఇంటివాళ్ళే కనక అక్కడ సున్నంతో కలిసే రంగులే వాడాలి. బయటి గోడకు ఖర్చు పెట్టేటప్పుడు లోపలి గోడ మరమ్మతుకు ఎంత అన్నది కూడా లెక్కలో రాయాలి. రంజాన్, మొహర్రం, బోనాలు, పదో తరగతి పరీక్షలు చూసుకుని తేదీలు పెట్టాలి. పనిచేసే స్త్రీలకు రోజుకూలి, మరుగుదొడ్డి, పిల్లల్ని చూసుకునే మనిషి ఉండాలి. ఏడాది తర్వాత ఆ బొమ్మ ఉండాలా, సున్నం కొట్టాలా అన్నది మొహల్లా స్త్రీలు కూర్చుని తేల్చుకోవాలి. ముగ్గు వేసే చేతికి చెరిగిపోవటం కొత్త కాదు. మళ్ళీ వెయ్యాలా వద్దా అన్నది తన చేతిలో ఉండటమే కొత్త.

ఇవన్నీ కళకు బయటి ఏర్పాట్లని ఎవరైనా అనవచ్చు. వీధి చిత్రకళలో ఏర్పాటే కళ. కవితను కాగితం మీద ఒంటరిగా రాసుకోవచ్చు, గోడను ఒంటరిగా తీసుకోలేం. అక్కడ ఎవరిని అడిగాం, ఎవరికి కూలిచ్చాం, ఎవరి ఫొటో తీయలేదు అన్నవి కూడా బొమ్మలో గీతలే. సాహిత్య విమర్శలో మనం కథ ఎవరు చెబుతున్నారని అడగటం నేర్చుకున్నాం. గోడ ముందు నిలబడి కూడా అదే అడగాలి. పాతబస్తీ యువతులు ఈ ఉత్సవం చేస్తే మనం వెళ్ళాలి, చూడాలి, రాయాలి. బొమ్మ బాగుందని రాసేముందు ఆ ఇంటి తలుపు తట్టి, అనుమతి ఇస్తే లోపలికి వెళ్ళి, ఉప్పు పట్టిన ఆ గోడ ఎలా ఉందో కూడా చూసి రాయాలి.